ఒకే ఇల్లు, రెండు రుచులు: చికోరీ ఉన్న పొడి, లేని పొడి

ప్రశ్న: మావారికి చికోరీ కలిపిన కాఫీయే కావాలి, నాకు కలపనిదే ఇష్టం. ఒకే ఫిల్టరులో నా పొడి వేస్తే డికాక్షన్ చప్పున దిగిపోయి పలచగా ఉంటోంది. ఆయన పొడి వేసి అదిమితే తెల్లవారినా దిగడం లేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచి తెచ్చిన ఫ్రెంచ్ ప్రెస్‌తో ఈ చిక్కు తీరుతుందా?
— ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: మీ ఫిల్టరులో లోపమేమీ లేదు, రెండు పొడులనూ ఒకే తీరున వాడడమే చిక్కుకు కారణం. చికోరీ అనేది వేయించి పొడి చేసిన ఒక వేరు. అది వేడినీళ్లు తగలగానే మెత్తబడి ఉబ్బి, నీటిని నిదానంగా కిందికి వదులుతుంది; ఆ డికాక్షన్ నల్లగా, చిక్కగా ఉంటుంది. అందువల్ల మీవారి పొడిని అదమకుండా, పై గిన్నెను తట్టి సమం చేసి, కాడ ఉన్న బిళ్లను ఊరికే దానిపై ఆనించండి. మీ పొడిని మాత్రం కొట్టులో కాస్త సన్నగా ఆడించమని చెప్పి, బిళ్లతో మెల్లగా అదమండి. రెండు కప్పులకు 20 గ్రాముల పొడి వేసి, మరుగు ఆగిన అర నిమిషానికి 120 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, పొడి పీల్చుకున్నది పోగా 80 మిల్లీలీటర్ల వరకు దిగుతుంది. చిన్న ఫిల్టరు మరొకటి కొనుక్కోవడమే ఉత్తమం; రోజూ వాదించుకోవడం కంటే అది చవక.

చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని నిబంధన ఉంది. పాళ్లు ప్యాకెట్టుపైనే ఉంటాయి, చూసి కొనండి. చికోరీ 30 శాతం దాటితే కాఫీ వాసన అడుగున పడిపోతుందని నా అభిప్రాయం, మీవారు ఒప్పుకోకపోవచ్చు.

ఫ్రెంచ్ ప్రెస్‌లో ముతక పొడిని నాలుగు నిమిషాలు నాననిచ్చి, జాలీ ఉన్న కాడను కిందికి నొక్కి వంచుకోవాలి. పాలు లేకుండా తాగేవారికి అది బాగుంటుంది గాని, మనలా పాలు కలిపేవారికి ఆ కషాయం చిక్కదనం చాలదు. పైగా ఫిల్టరు పొడి వేస్తే జాలీలోంచి మడ్డి కప్పులోకి దిగుతుంది.

ప్రశ్న: ఉదయం మిగిలిన డికాక్షన్ సాయంత్రానికి పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే పనికివస్తుంది, కాని మొదటి వాసన ఉండదు. డికాక్షన్‌ను పొయ్యిమీద పెట్టకండి, చేదెక్కుతుంది; పొంగు వచ్చిన పాలను అందులో పోస్తే ఆ వేడి చాలు.