విదేశీ యూనివర్సిటీతో కలిసి పల్లెల్లో మహిళల ఆరోగ్యంపై పని చేయాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

తిరుపతి దగ్గర చిన్న స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నామని, ఒక విదేశీ యూనివర్సిటీ పునరుత్పత్తి ఆరోగ్యంపై కలిసి పనిచేద్దామని అడిగిందని రాశారు. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ఇలాంటి ప్రాజెక్టుల్లో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

వాళ్ల కాన్సెప్ట్ నోట్‌కి (ప్రాజెక్టు ఆలోచన క్లుప్తంగా రాసిన పత్రం) జవాబిచ్చే ముందు మన ఊళ్ల పరిస్థితి ఒక పేజీలో మీరే రాసుకోండి. ఇది చాలామంది చెయ్యరు. బయటివాళ్లు మన దేశం అనగానే ఎక్కువ కాన్పులు, కుటుంబ నియంత్రణ అందకపోవడం అనే అనుకుంటారు. ఇక్కడి కథ వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లకు అయినవి అర శాతం కూడా లేవు. త్వరగా పెళ్లి, ఇద్దరు పిల్లలు, చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఆ తర్వాత గర్భిణుల రిజిస్టర్‌లో ఆమె పేరుండదు, ఆశా కార్యకర్తకూ ఆ గడప తొక్కే పని తగ్గిపోతుంది.

మా ప్రాజెక్టులో విదేశీ భాగస్వాములు కాన్పుల మధ్య ఎడం గురించి మంచి బొమ్మలతో పుస్తకాలు తయారు చేయించారు. పలమనేరు వైపు ఒక ఊళ్లో మీటింగ్ పెడితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆపరేషన్ అయినవాళ్లే. కాపర్ టి, అంతర ఇంజెక్షన్ (గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసేది) గురించి మేం చెప్తుంటే మర్యాదకి విన్నారు. తర్వాత ఒకావిడ అడిగింది: "తెల్లబట్ట, నడుం నొప్పి తగ్గట్లేదు మేడమ్, గర్భసంచి తీయించేస్తే పోతుందంట కదా?" మిగతావాళ్లంతా ఆ మాటే అందుకున్నారు. ఆ సర్వేలోనే చూడండి, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. మందులతో తగ్గే ఇన్ఫెక్షన్‌కి కూడా కొందరు గర్భసంచి తీయించుకునే దాకా వెళ్తున్నారు. పనిని ఆ వైపు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల వైపు తిప్పుదామంటే అవతలివాళ్లు ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. ఆలోచన నచ్చక కాదు, నిధులిచ్చేవాళ్లకు రాసిచ్చిన సూచికలు (పని ఎంత జరిగిందో కొలిచే లెక్కలు) అప్పటికే ఖరారయ్యాయి. అందుకే మొదటి ఆరు నెలలు ఊళ్లు తిరిగి వినడానికే, సూచికలు ఆ తర్వాతే అని ఒప్పందంలో ముందే రాయించుకోండి.

మన రెండు జిల్లాల్లోనూ అవసరం ఒకేలా లేదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల చుట్టూ హాస్టళ్లలో ఉండే పెళ్లికాని అమ్మాయిలకు కావాల్సింది వేరు, సూళ్లూరుపేట వైపు యానాది గిరిజన కాలనీల్లో వేరు. కుప్పంలో మొదటి కాన్పుకి పుట్టింటికని తమిళనాడుకో కర్ణాటకకో వెళ్తారు, మన రికార్డు అక్కడితో ఆగిపోతుంది. అన్నిచోట్లా ఒకే ప్యాకేజీ పెడదామంటే వద్దనండి.

డబ్బు సంగతి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి కూడా తీసుకోకండి. రిజిస్ట్రేషన్‌కి మామూలుగా సంస్థ మూడేళ్లుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. లేదంటే ఒక నిర్దిష్ట పనికి ముందస్తు అనుమతి అడగొచ్చు. 2020 సవరణ తర్వాత విదేశీ సొమ్ము ముందు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ తీసుకుని మనకు పంచడం కూడా కుదరదు. "బెంగళూరు ఎన్జీవో ద్వారా పంపిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

పరిశోధన ఉంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసేది) అనుమతి తప్పనిసరి, విదేశీ భాగస్వామ్యం కాబట్టి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దగ్గరి స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా చూసుకోవాలి. తిరుపతిలోని స్విమ్స్ ఆస్పత్రిలోనో ఎస్వీ మెడికల్ కాలేజీలోనో ఒక డాక్టర్‌ని సహ పరిశోధకులుగా పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమ్మతి పత్రం విషయంలో మాత్రం ఖమ్మం గుర్తుంచుకోండి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ 10-14 ఏళ్ల అమ్మాయిలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేశాయి. కొందరు అమ్మాయిలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ చాలా పత్రాలపై సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 2013లో పార్లమెంటరీ కమిటీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకాకి మన రాష్ట్రంలో అలా చెడ్డపేరొచ్చింది. కాబట్టి పత్రం తెలుగులో ఉండాలి, సరిహద్దు ఊళ్లలో తమిళంలో కూడా. చదవడం రానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. ఆ పని ఆశాకు అప్పగించకండి, ఊళ్లో ఆమె మాట కాదనలేక ఒప్పుకునేవాళ్లుంటారు.

ఇంకొకటి, వాళ్లు హఠాత్తుగా వెళ్లిపోతే? 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆగిపోయినప్పుడు చాలా దేశాల్లో క్లినిక్‌లు ఉన్నపళంగా మూతపడ్డాయి. మీరు సొంత క్లినిక్ పెట్టకండి. పీహెచ్‌సీలోనే వారానికో రోజు, అక్కడి నర్సుకే శిక్షణ, అక్కడి రిజిస్టర్‌లోనే లెక్క. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) గారిని మొదటి మీటింగ్‌కే పిలవండి, ప్రారంభోత్సవానికి కాదు.

మీ సంస్థకి ఎన్నేళ్లయింది, ఎఫ్‌సీఆర్‌ఏ ఉందా, యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నది సేవా, పరిశోధనా అన్నది కింద రాయండి. దాన్నిబట్టి ఒప్పందంలో ఏ షరతులు పెట్టాలో చెప్తాను.