ట్రైలర్ పైకప్పుకు బెజ్జం వేస్తే వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మేడమ్, ఏడాదిన్నర క్రితం అప్పు మీద కొత్త క్యాంపర్ ట్రైలర్ (కారు వెనక కట్టి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి బండి) కొన్నాం. పైకప్పు కారితే మూడేళ్ల వరకు బాగుచేసే బాధ్యత తమదేనని కంపెనీ రాసిచ్చింది. ఇప్పుడు కప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు పెట్టించాలనుకుంటున్నాం. వైర్లను కప్పులోంచి లోపలికి దించి, ఫ్లోర్‌లోంచి కిందికి తీసి, ముందు భాగంలో ఉన్న బ్యాటరీ పెట్టెకు కలపాలి. ఒక్క బెజ్జం వేసినా వారంటీ మొత్తం రద్దవుతుందని డీలర్ అంటున్నారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. పని చేయడానికి ఒప్పుకున్న ఎలక్ట్రీషియన్ మాత్రం ఏమీ కాదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చట్టం ఏమంటుంది? – ఒక పాఠకుడు

జవాబు: డ్రిల్ పట్టుకోకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇలాంటి గొడవలతో నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కప్పు కింది చెక్క తడిసి మెత్తబడిపోయాకే వస్తారు. మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. కాబట్టి చాలాచోట్ల ఒకేలా నడిచే సూత్రాలు చెబుతాను, అవసరమైన చోట కొన్ని దేశాల చట్టాలను ఉదాహరణగా ఇస్తాను.

డీలర్ చెప్పింది సగమే నిజం. ముందు మీ వారంటీ కాగితం తీసి, మార్పుల గురించి ఏం రాశారో అక్షరం వదలకుండా చదవండి. 'మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు' అని ఉంటే ఒక అర్థం, 'మార్పులు చేస్తే వారంటీ వర్తించదు' అని ఉంటే ఇంకో అర్థం. మొదటి మాట ప్రకారం మీరు వేసిన బెజ్జంలోంచి నీరు కారితే ఆ ఖర్చు మీదే. కానీ ఇరుసు విరిగినా, ఫ్రిజ్ పాడైనా, కిటికీ అంచు ఊడినా ఆ బెజ్జానికీ దానికీ సంబంధం లేదు, కంపెనీ బాగుచేయాల్సిందే. రెండో మాట రాసి ఉన్నా, అది అన్ని దేశాల్లో అలాగే చెల్లుతుందని అనుకోకండి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయట కొన్న వస్తువు బిగించారన్న ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడం కుదరదని, ఆ వస్తువు వల్లే నష్టం జరిగిందని కంపెనీయే చూపాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెబుతుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఇచ్చే రక్షణ కంపెనీ వారంటీతో పనిలేకుండా విడిగా ఉంటుంది. వారంటీ కాగితంలో ఏం రాసుకున్నా దాన్ని తీసేయలేరు.

అంటే వివాదం చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే తేలుతుంది: ఆ బెజ్జం వల్లే ఈ నష్టం జరిగిందా? నీటి విషయంలో దీనికి జవాబు చెప్పడం చాలా కష్టం. నీరు దిగిన చోటే కారదు. కప్పు పొరల మధ్య చెక్క వెంబడి పాకి, రెండు మూడు అడుగుల దూరంలో మరక కట్టి బయటపడుతుంది. అప్పుడు కప్పు మీద మీరు వేసిన బెజ్జం కనబడితే అందరి వేలూ అటే చూపిస్తుంది. నేను చూసిన ఒక కేసులో వైర్లు వెనక భాగంలో దించారు, నీరు ముందు మూల నుంచి వచ్చింది. అయినా కంపెనీ మనిషి సోలార్ పనినే తప్పుపట్టాడు. ఆ కుటుంబాన్ని గట్టెక్కించింది నా వాదన కాదు, పని జరిగిన రోజు వాళ్ల ఫోన్‌లో తీసుకున్న నాలుగు ఫోటోలు. ముందు మూలలో సీలెంట్ (సందులు మూసే జిగురు) అప్పటికే పగిలి ఉన్నట్టు వాటిలో స్పష్టంగా కనిపించింది.

అందుకని నా మొదటి సలహా, వీలైతే కప్పుకు కొత్త బెజ్జమే వేయించకండి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉన్న చాలా ట్రైలర్లలో దాని వేడిగాలి పోవడానికి కప్పు మీద గూడులాంటి మూత ఉంటుంది. వైర్లను దానిలోంచి దించవచ్చు. కాకపోతే ఫ్రిజ్ వెనక మంట, పొగగొట్టం ఉంటాయి కాబట్టి వైరు వాటికి తగలకుండా దూరంగా పట్టీలతో బిగించాలి. ఆ దారి లేకపోతే, కేబుల్ దిగే చోట మూతపెట్టె పెట్టి, మీ కప్పు పదార్థానికి సరిపోతుందని తయారీదారు చెప్పిన సీలెంట్‌నే వాడాలి. ప్యానెళ్ల కాళ్లకు కొట్టే స్క్రూలు కూడా బెజ్జాలే. వైరు బెజ్జం ఒక్కటే లెక్కపెట్టి ఆ ఎనిమిదో పదో స్క్రూలను మర్చిపోతుంటారు.

పని మొదలుపెట్టే ముందు కంపెనీకి ఒక ఉత్తరమో మెయిలో రాయండి. 'బెజ్జం వేయొచ్చా?' అని అడిగితే వద్దనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: 'ఫలానా మోడల్ ట్రైలర్ కప్పు మీద, జత చేసిన బొమ్మలో గుర్తుపెట్టిన చోట కేబుల్ దించబోతున్నాం. లోపల ఏ వైర్లు, దూలాలు ఉన్నాయో చెప్పండి. ఈ పని వల్ల వారంటీలో ఏ భాగం వర్తించకుండా పోతుందో, ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి.' వాళ్లు జవాబిస్తే అది మీకు ఆధారం. ఇవ్వకపోయినా, మీరు జాగ్రత్తగా అడిగారనడానికి ఆ మెయిలే సాక్ష్యం. డీలర్ నోటిమాటగా చెప్పినదాన్ని కూడా 'మీరు ఈ రోజు ఇలా అన్నారు' అని వెంటనే మెయిల్‌లో పెట్టేయండి.

మీ ప్రశ్నలో ఫ్లోర్ గురించి ఒక్క మాటలో రాసి వదిలేశారు. నన్ను అడిగితే అసలు భయపడాల్సింది దాని గురించే. కప్పు కారితే మీ బండి పాడవుతుంది. ఫ్లోర్ దగ్గర పొరపాటు జరిగితే పక్కవాళ్లకూ ముప్పే. ఫ్లోర్ కింద గ్యాస్ పైపు, బ్రేకుల వైర్లు, నీళ్ల ట్యాంకు ఉండొచ్చు. కింద చూడకుండా పైనుంచి డ్రిల్ దించకూడదు. చాసిస్ ఇనుప దూలానికి బెజ్జం అసలు వద్దు. రబ్బరు బుష్ లేకుండా రేకు అంచు మీదుగా వైరు లాగితే ప్రయాణంలో అదురుకు పైతొడుగు కోసుకుపోతుంది. బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజ్ లేకపోతే అక్కడ జరిగే షార్ట్ సర్క్యూట్‌ను ఆపేదేమీ ఉండదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ వైపు వైర్లలోనూ కరెంటు ఉంటుంది, ఇంట్లోలాగా మెయిన్ ఆపేస్తే పోయేది కాదు. బెజ్జం చుట్టూ సందు వదిలితే రోడ్డు మీది నీరు, ఎలుకలే కాదు, బండ్ల పొగ కూడా లోపలికి వస్తుంది.

మంట లేచి పక్క బండి కాలిందనుకోండి. తగినంత జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. ఆ జాగ్రత్తను కొలవడానికి సాంకేతిక ప్రమాణాలు ముందుకొస్తాయి. బ్రిటన్‌లో బీఎస్ 7671లోని 721వ సెక్షన్, అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోని 551వ ఆర్టికల్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 3001 ఇలాంటి వాహనాల వైరింగ్ గురించే ఉన్నాయి. మీ ఎలక్ట్రీషియన్‌ను 'ఏ ప్రమాణం ప్రకారం చేస్తున్నావు?' అని అడగండి. ఏం కాదన్న మాట బదులు వైరు మందం, ఫ్యూజ్ విలువ, వైర్లు వెళ్లే దారి బొమ్మ, బెజ్జాలు మూసిన పనికి ఎన్నాళ్ల హామీ అన్నవి బిల్లు మీదే రాయించండి. వృత్తిగా చేసేవాడు తగిన నైపుణ్యంతో చేయాలని చట్టం ఆశిస్తుంది. కాబట్టి రాత ఉంటే రేపు నష్టాన్ని అతని నుంచి రాబట్టుకునే దారి మీకుంటుంది. స్నేహితుడితో ఊరికే చేయించుకుంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఇన్సూరెన్స్ రాదన్న మాట, చెప్పకుండా దాచినవాళ్ల విషయంలో నిజం కావచ్చు. ఇన్సూరెన్స్ ఒప్పందం నిజాయితీ మీద నిలబడుతుంది. వాళ్లు ప్రీమియం లెక్కగట్టడానికి పనికొచ్చే విషయం దాస్తే క్లెయిమ్ తగ్గించవచ్చు, తిరస్కరించవచ్చు. పని పూర్తయ్యాక ప్యానెళ్ల విలువతో సహా రాసి పంపండి, పాలసీలో చేర్చినట్టు కాగితం తెప్పించుకోండి. అప్పు ఇచ్చినవాళ్ల ఒప్పందంలోనూ అనుమతి లేకుండా బండిని మార్చకూడదనే షరతు ఉందేమో చూడండి, ఉంటే ఒక మెయిల్ సరిపోతుంది. బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ప్యానెళ్లు, అదనపు బ్యాటరీ కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువు దాటకూడదు. భారత మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్‌లాగా, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చే మార్పులను అడ్డుకునే నిబంధన మీ దగ్గరా ఉందేమో రవాణా కార్యాలయంలో కనుక్కోండి.

డ్రిల్ చేసే ముందు ఆ చోటును, కప్పు నాలుగు మూలలను, కప్పు లోపలి వైపును ఫోటోలు తీయండి. బెజ్జం వేశాక ఒకసారి, సీలెంట్ ఆరాక ఒకసారి, ఫ్లోర్ కింద బుష్ కనబడేలా ఇంకోసారి తీయండి. సీలెంట్‌ను ఎన్ని నెలలకోసారి చూడాలని మాన్యువల్‌లో ఉందో అన్ని నెలలకోసారి చూసి, ఆ తేదీలు రాసిపెట్టండి. చూడలేదన్న కారణంతోనే కొన్ని వారంటీలు తప్పించుకుంటాయి. రేపు బండి అమ్మేటప్పుడు ఈ కాగితాలన్నీ కొనేవాళ్ల చేతికివ్వండి. ప్యానెళ్లు పీకేసి, బెజ్జం మీద పెయింట్ కొట్టి దాచి అమ్మితే మాత్రం చాలాచోట్ల అది మోసమే అవుతుంది.