ఆదికాండం చదివే ఇంటి పిల్లకు జీవపరిణామం పాఠం చెప్పడం న్యాయమేనా?

మీ అమ్మాయి విజయవాడలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోందని, జీవపరిణామం పాఠం విన్న రోజు సాయంత్రం ఇంటికి వచ్చి “అయితే ఆదికాండం అబద్ధమా అమ్మా?” అని అడిగిందని రాశారు. బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండం దేవుడే మనిషిని సృష్టించాడని చెబుతుంది కనుక, విశ్వాసానికి విరుద్ధమైన పాఠాన్ని పిల్లలకు చెప్పడం న్యాయమేనా అన్నది మీ ప్రశ్న. గుంటూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి 2019లో పదవీ విరమణ చేసినవాడిగా నా జవాబు ఇది: న్యాయమే, చెప్పి తీరాలి. అయితే చెప్పే తీరులో మా ఉపాధ్యాయులు చేసే తప్పు ఒకటి ఉంది. నేనూ ఆ తప్పు చేశాను కనుక దాని గురించే ఎక్కువగా రాస్తాను.

2014లో వచ్చిన పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో అనువంశికత పాఠంలోనే మెండెల్ బఠానీలు, లామార్క్ జిరాఫీ, డార్విన్ ప్రకృతి వరణం అన్నీ ఉండేవి. మరుసటి సంవత్సరం ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో ఆ పాఠం చెబుతూ, మధ్యాహ్నం పూట నిద్రకు తూగుతున్న పిల్లలను నవ్వించడానికి “మనందరి ముత్తాత కోతేరా” అన్నాను. పిల్లలు నవ్వారు. మర్నాడు ఉదయం ప్రార్థన గంట కొట్టకముందే ఒక విద్యార్థి తండ్రి బడికి వచ్చారు. ఆయన ఊరి చర్చిలో ఉపదేశి, మిగిలిన రోజుల్లో పత్తి వేసే కౌలు రైతు. కోపంగా రాలేదు, చెప్పులు వరండా బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, “మాస్టారూ, మా వాడు రాత్రి ప్రార్థనకు కూర్చోలేదండి. కోతికి పుట్టినోళ్లకు ప్రార్థన ఎందుకు నాన్నా అన్నాడు” అని చెప్పారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది, ఎందుకంటే నేను చెప్పింది డార్విన్ చెప్పిన మాట కాదు. ఇప్పుడున్న కోతుల నుంచి మనిషి పుట్టాడని జీవశాస్త్రం ఎక్కడా చెప్పదు. మనకూ వాటికీ కోట్ల సంవత్సరాల వెనుక ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని మాత్రమే చెబుతుంది. పెదనాన్న కొడుకును పట్టుకుని తాత అన్నట్లుగా ఉంది నా హాస్యం.

సంగతి తెలిసిన మా ప్రధానోపాధ్యాయుడు “బిట్ పేపరుకు కావలసినవి నాలుగు చెప్పి వదిలేయండి, మనకెందుకు” అన్నారు. ఆయనకు ఏ మతం మీదా పట్టింపు లేదు, గొడవ వద్దన్నదే ఆయన బాధ. నా ఉద్యోగ కాలంలో ఈ పాఠానికి తల్లిదండ్రుల వల్ల కలిగిన అడ్డంకి ఆ ఒక్కటే. ఉపాధ్యాయులే దాటవేసిన సందర్భాలు మాత్రం లెక్కపెట్టలేను.

ఆ ఉపదేశి గారిని ఆ రోజు సాయంత్రం మళ్లీ కలిసి, క్షమాపణ చెప్పుకుని, పత్తి గురించి మాట్లాడాను. 1987–88లో మన జిల్లాలోనూ ప్రకాశంలోనూ పత్తి రైతులు ఎలా నష్టపోయారో ఆయనకు స్వయంగా తెలుసు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చిన కొత్తలో ఒక్క పిచికారీకే శనగపచ్చ పురుగు రాలిపోయేది. ఆ ఏడు మాత్రం మందు మీద మందు కొట్టినా పురుగు కదలలేదు, అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు కల్తీదని కొందరు అనుకున్నారు, కల్తీ కూడా ఉండే ఉంటుంది. కానీ అసలు జరిగింది ఏమిటంటే, వేల పురుగుల్లో ఏ కొద్దింటికో ఆ మందును తట్టుకునే లక్షణం పుట్టుకతోనే ఉంది. మందు మిగతావాటిని చంపి, వీటికి చేనంతా ఖాళీ చేసి ఇచ్చింది. వాటి పిల్లలకు ఆ లక్షణమే వచ్చింది. కొన్ని తరాలకు చేను నిండా అవే మిగిలాయి. ఏ ఒక్క పురుగూ తన జీవితకాలంలో మారలేదు, మారింది పురుగుల మంద. మందు స్థానంలో కరవునో చలినో శత్రుజీవినో ఉంచితే అదే ప్రకృతి వరణం. ఆయన అంతా విని, “ఇది మాకు తెలిసిన కథే గదండీ, దీనికి ఆ దొర పేరు ఎందుకు పెట్టారు?” అన్నారు. ఆ తర్వాత, పురుగును చంపే గుణం మొక్కలోనే పెట్టిన బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకోవడం మొదలైనప్పుడు ఆయనే ఫోన్ చేసి, “మీ డార్విన్ మళ్లీ వచ్చాడండి” అని నవ్వారు. ఆయన ఇప్పటికీ ఆదివారం వాక్యం చెబుతారు. మనిషి విషయంలో నా మాటను ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకోమని నేనూ అడగలేదు.

ఇది క్రైస్తవ కుటుంబాల సమస్య మాత్రమేనని మీరు అనుకోనవసరం లేదు. మాది హిందూ కుటుంబం. మా ఉపాధ్యాయుల గదిలో ఎక్కువగా వినిపించిన మాట “డార్విన్ కొత్తగా చెప్పిందేముంది, దశావతారాల్లో ఉన్నదే గదా” అన్నది. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అన్న వరుస అందంగానే ఉంటుంది. ప్రఖ్యాత జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ కూడా ఈ పోలికను గమనించారు. (భారతీయ పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో మరణించిన ఆయన తన దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం ఇవ్వగా, అది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.) అయితే 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి డార్విన్ కంటే దశావతార సిద్ధాంతమే మెరుగైనదని అన్నప్పుడు నాకు కష్టం కలిగింది. సిద్ధాంతం అన్నది ఎక్కడ వెతికితే ఏమి దొరుకుతుందో ముందుగా చెప్పగలగాలి. చేపకూ నేలమీది జంతువుకూ నడుమ రూపం ఏ వయసు రాళ్లలో ఉండాలో లెక్కవేసుకుని కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలో వెతికినవారికి, 2004లో సుమారు 37.5 కోట్ల సంవత్సరాల నాటి టిక్టాలిక్ శిలాజం దొరికింది. కూర్మావతార కథ భక్తి కోసం పుట్టింది; దానిచేత ఈ పని చేయించబూనడం కథకే అగౌరవమని మా అమ్మ భాగవతం వింటూ పెరిగిన నా అభిప్రాయం.

పాఠాన్ని చట్టంతో ఆపిన దేశాలూ లేకపోలేదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఈ పాఠం చెప్పాడన్న నేరానికి 1925లో స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి వంద డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం 1967 దాకా రద్దు కాలేదు. మనకు అటువంటి నిషేధం లేదు, పైగా శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతుంది. అయినా 2023లో, కేంద్ర స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి, భారం తగ్గించే పేరుతో జీవపరిణామ భాగం తొలగిపోయింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసనగా లేఖ రాశారు. ఆ పుస్తకం చదివి ఎంపీసీలో చేరే పిల్లలకు ఇక ఈ పాఠం ఎదురయ్యే అవకాశమే ఉండదు. మీ అమ్మాయి బైపీసీలో ఉండబట్టి ఈ ప్రశ్న అడగగలిగింది.

ఇటు చివర మరో పొరపాటు ఉంది. పటమట నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా గారు కూడా ఒకప్పుడు వృక్షశాస్త్రం బోధించినవారే; ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ స్ఫూర్తితో నా సహోద్యోగి ఒకరు “ఈ పాఠం అర్థమైతే రేపటి నుంచి బొట్టు, సిలువ తీసేసి రావాలి” అని తరగతిలో అనేవారు. పదిహేనేళ్ల పిల్లను అమ్మకూ పాఠానికీ మధ్య నిలబెడితే అమ్మవైపే వెళుతుంది, వెళ్లాలి కూడా. ఒక యూనిట్ పరీక్షలో ఒక అమ్మాయి ప్రకృతి వరణం గురించి చక్కగా రాసి, చివర “ఇది పుస్తకంలో ఉన్నది, నేను మాత్రం నమ్మను సార్” అని చేర్చింది. పూర్తి మార్కులు వేశాను, ఎందుకంటే నేను పరీక్షించవలసింది ఆమె అవగాహనను మాత్రమే.

మీ ఇంటి విషయానికి వస్తే, ఆదికాండాన్ని అక్షరార్థంలో చదవని క్రైస్తవులు చాలామంది ఉన్నారు. కతోలికుల పోప్ రెండో జాన్ పాల్ 1996లోనే, జీవపరిణామం కేవలం ఒక ఊహ కాదని తమ శాస్త్ర అకాడమీకి రాసిన సందేశంలో అంగీకరించారు. మీ సంఘం అలా చదవకపోవచ్చు, అప్పుడు కూడా “అబద్ధమా?” అన్న ప్రశ్నకు ఆ రాత్రే తీర్పు చెప్పనవసరం లేదు. మేము ఇలా నమ్ముతాము, శాస్త్రం ఈ ఆధారాలతో ఇలా చెబుతుంది, రెండూ నీకు తెలియాలి అంటే చాలు. కాలేజీకి వెళ్లి పాఠం మానిపించమని మాత్రం అడగకండి, అది నీట్‌లో కూడా వస్తుంది. అంతగా వెళ్లాలనిపిస్తే, కోతి నుంచి మనిషి పుట్టాడని పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించమని లెక్చరరు గారిని అడగండి. ఆయన పేజీలు తిప్పుతున్నంతసేపూ మీ అమ్మాయిని పక్కనే ఉంచుకోండి.