సర్కారు టెండర్లను నమ్ముకుని స్టార్టప్ పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేశాడు. ఇక్కడే, ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ చేసే 40 మంది కంపెనీలో ఏడాదికి 3 లక్షల ఉద్యోగం వచ్చింది. వాడేమో ‘చిన్న కంపెనీలకు ప్రభుత్వమే కాంట్రాక్టులిస్తోంది, ఫ్రెండ్స్‌తో కలిసి మేమే పెడతాం’ అంటున్నాడు. పెద్ద కంపెనీ కోసం ఏడాది ఆగమని నేనంటున్నా. ఏది మేలు?
– ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు మూడు దారులు రాసినా భయం ఒక్కటే: ఆ చిన్న కంపెనీ రేపు మూతపడితే వాడి గతేంటని. అది ముందే కనిపెట్టే దారి ఉంది, చివర్లో చెబుతాను. ముందు స్టార్టప్ సంగతి.

మీవాడు విన్నది అబద్ధం కాదు. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే చేయాలి. చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. అదుంటే ఆ టెండర్లకు ధరావతు కట్టక్కర్లేదు. కానీ ఈ 25 శాతం ఉత్తర్వు రాష్ట్ర శాఖలకు వర్తించదు. పైగా ప్రాధాన్యం అంటే ఎక్కువ రేటిస్తారని కాదు. ఎల్‌వన్‌గా, అంటే అందరికంటే తక్కువ రేటుతో వచ్చిన పెద్ద కంపెనీ కోటి వేసి, మీవాడు కోటీ 15 లక్షల లోపు వేస్తే, తనూ కోటి రేటుకే దిగితేనే పనిలో వాటా.

ప్రభుత్వ కొనుగోళ్ల సైటైన జెమ్ పోర్టల్‌లో ఏదైనా బిడ్ తెరిచి మొదటి పేజీ చూడమనండి. అనుభవం, టర్నోవర్‌ల నుంచి స్టార్టప్‌లకు మినహాయింపు ఉందా అనే గడి ఉంటుంది. అక్కడ ‘నో’ అని ఉంటే ఆ బిడ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

అన్నీ దాటి పని దక్కినా, మునిగేది డబ్బు దగ్గరే. డిజైన్ పత్రానికి ఆమోదం వచ్చాక కొంత, శాఖ వాళ్లే వాడి చూసే పరీక్ష (యూఏటీ) పాసయ్యాక కొంత, కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపున్న ఆడిటర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఇచ్చి సైట్ లైవ్‌కి వెళ్లాక కొంత, ఇలా విడతలుగా ఇస్తారు. మధ్యలో అధికారి బదిలీ అయితే, కొత్తాయన స్క్రీన్లన్నీ మళ్లీ మార్చమంటాడు, విడత ఆగిపోతుంది. 20 లక్షల బిల్లు పెట్టారనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 3.6 లక్షలు, మామూలుగా మరుసటి నెల 20లోగా కట్టేయాలి, శాఖ పైసా ఇవ్వకపోయినా సరే. ఇలాంటి కంపెనీకి పెద్ద ఖర్చు జీతాలే, వాటి మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీని మినహాయించుకోవడం) రాదు. 45 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. కానీ రేపు పనిచ్చేదీ ఆ శాఖేనని చిన్న కంపెనీలు ఫిర్యాదుకు వెనకాడతాయి. ఆరు నెలల జీతాలు చేతిలో పెట్టుకోకుండా ఇందులో దిగొద్దనే చెబుతాను.

ఇక మీరు ఏడాది ఆగమంటున్నారు. చేతికొచ్చిన ఉద్యోగం వదిలేసి, రాని ఉద్యోగం కోసం ఇంట్లో కూర్చోమనడం వాడి మంచికా, పెళ్లిళ్లలో చుట్టాలకు కంపెనీ పేరు చెప్పుకోవడానికా? ఫ్రెషర్ డ్రైవ్‌లు చాలావాటిలో పాసవుట్ సంవత్సరం చూస్తారు. ఏడాది దాటితే ఆ తలుపులూ మూసుకుంటాయి.

ఆ 40 మంది కంపెనీలో రెండేళ్లు చేయనివ్వండి. ఆధార్ ధ్రువీకరణ, పేమెంట్ గేట్‌వే లాంటివి చేత్తో చేస్తాడు. పాత రికార్డుల్లో ‘వెంకటేశ్వర్లు’, ‘బి.వెంకటేశ్వరులు’ ఒక్కరేనా కాదా అని తేల్చే పని కోర్సుల్లో నేర్పరు, బయట మాత్రం దానికి గిరాకీ ఉంది. సొంతంగా టెండరు వేయాలన్న కోరికా పోదు, బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలిసొస్తుంది.

చేరేముందు ఈపీఎఫ్‌ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో కంపెనీ పేరు కొట్టండి. ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. నెలలు గడిచాక కట్టినట్టుంటే జీతాలూ అలాగే ఆగుతాయనుకోండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు. రావాల్సిన బాకీలు ఏడాది టర్నోవర్‌లో సగం దాటితే మళ్లీ ఆలోచించండి. నేరుగా టెండరు వేశారా, సబ్‌కాంట్రాక్టా, ఎన్ని శాఖల పని ఉందో కంపెనీని వాణ్నే అడగమనండి. ఆఫర్ లెటర్‌లో ‘ప్రాజెక్టు కాలానికి మాత్రమే’ అని ఉంటే, ఆ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తేదీ రాయించుకున్నాకే సంతకం పెట్టమనండి.