మాగ్నెట్ ట్రీట్‌మెంట్‌తో నాన్న చెయ్యి వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు కాస్త ముడుస్తారు, తెరవలేరు. తలమీద మాగ్నెట్ పెట్టే టీఎంఎస్ చేయిస్తే చెయ్యి వచ్చేస్తుందని ఒక క్లినిక్‌లో చెప్పారు. అమ్మ తన గాజులు తాకట్టు పెడదామంటోంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: గాజులు ఇప్పుడే తాకట్టు పెట్టకండమ్మా. టీఎంఎస్ బూటకం కాదు. డిప్రెషన్‌కు అమెరికాలో 2008 నుంచీ దానికి అనుమతి ఉంది. పక్షవాతం విషయంలోనే ఇంకా తేలలేదు. కుడి చేతిని నడిపే మెదడు ఎడమవైపు దెబ్బతింటే, బాగున్న కుడివైపు దాన్ని మరింత అణిచేస్తుందని ఒక వాదన. అందుకే కుడివైపు సెకనుకొక పల్స్ ఇచ్చి దాని జోరు తగ్గిస్తారు. కొన్ని చిన్న అధ్యయనాల్లో ఫలితం బాగానే కనిపించింది. కానీ అమెరికాలో 199 మందిపై చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో, నిజం మాగ్నెట్ పెట్టినవాళ్లూ, ఉత్తుత్తిది పెట్టినవాళ్లూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. రెండు గుంపులకూ చేతి వ్యాయామం గట్టిగా చేయించారు. నేను పట్టుకునేది ఆ వ్యాయామం మాటనే.

తలమీద ఆ మాగ్నెట్ కాయిల్ పెట్టగానే టక్‌మని శబ్దం వచ్చి బొటనవేలు ఎగిరిపడుతుంది. అది చూసి ఇంట్లోవాళ్లకు ఎంత ఆశ పుడుతుందో నాకు తెలుసు. కానీ అది ఎంత పవర్ పెట్టాలో తేల్చే పరీక్ష మాత్రమే. పైగా చాలాసార్లు కదిలేది బాగున్న చేతి వేలే.

వేళ్లు కాస్తయినా ముడుస్తున్నారంటే అది మంచి సూచన. టీఎంఎస్‌కు డబ్బు పెట్టే బదులు ముందు మంచి ఫిజియోను రోజూ ఇంటికి పిలిపించండి. ఫిజియో వెళ్లాక కూడా కుడి చేత్తోనే తువ్వాలు మడతపెట్టించండి, గ్లాసు పట్టించి వదిలించండి. పట్టుకోవడం కన్నా వదలడమే కష్టం, విసుక్కోకండి. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది.

తర్వాత కూడా టీఎంఎస్ చేయించాలనిపిస్తే, సిట్టింగ్ అయిన వెంటనే వ్యాయామం చేయిస్తారా అని అడగండి. అలా చేయించబోమని వాళ్లంటే వద్దనేయండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, తలలో క్లిప్పులాంటి లోహం ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి. ఏది చేయించినా న్యూరాలజిస్టు రాసిన మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి.