ఎవరూ ఎన్నుకోకుండానే గ్రూపులో ఒకళ్లు లీడర్ ఎలా అయిపోతారు?

వినాయక చవితి పందిరి వేసే కుర్రాళ్లని చూడండి, ఫ్లెక్సీ మీద అధ్యక్షుడని ఒకడి పేరు ఉంటుంది కానీ కరెంటు పోతే అందరూ ఫోన్ చేసేది ఇంకొకడికి. వాడు మొదటి రోజు నుంచే చందా పుస్తకం పట్టుకుని వీధులన్నీ తిరిగుంటాడు, డెకరేషన్ వాళ్లు, ట్రాక్టర్ ఓనరు, అందరి నంబర్లూ వాడి దగ్గరే, లెక్క అడిగితే టక్కున చెప్తాడు. అలా పని అవుతున్నకొద్దీ నమ్మకం జమవుతుంది, 1958లో హోలాండర్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీన్ని క్రెడిట్ అనే అన్నాడు, అది బాగా ఉన్నవాడు తర్వాత పద్ధతి మార్చినా గ్రూపు ఊరుకుంటుంది. ఎక్కువ మాట్లాడేవాళ్లు కూడా మొదట్లో లీడర్లలాగే కనిపిస్తారు, నిజమే, కానీ నిమజ్జనం రోజు పత్తా లేకపోతే ఆ ఇమేజ్ అక్కడితో సరి. అన్నట్టు గొడవలు సర్దేవాడు చాలాసార్లు వేరే ఉంటాడు, వాడికి మైకు కూడా ఇవ్వరు పాపం.