ముందు గడియారాలు కలపండి, తరువాత గ్రాఫులు కలపండి

ఎవరి వేగం ముందు పడుతోందో తేల్చడానికి మూడు చోట్ల ఐపెర్ఫ్3 (నెట్‌వర్కు వేగం కొలిచే ప్రోగ్రాము) నడిపానని రాశారు. గీతలు ఒకదానిపై ఒకటి వేస్తే ఎగుడుదిగుళ్లు కలవడం లేదు, పైగా అన్నీ కూడితే 100 ఎంబీపీఎస్ లింకులో 140 కనిపిస్తోంది. కాలాన్ని చూపే అడ్డగీత మీద మీరు వేసిన సున్నాను అనుమానించండి. ఒక యంత్రం ఒంటరిగా నడిచినప్పటి 95ను, ఇంకొకటి పోటీలో ఉన్నప్పటి 45తో కూడితే 140 వస్తుంది. ఆ రెండూ ఒకే క్షణంలో జరగలేదు.

ఇదే పొరపాటు నేనూ చేశాను. బంధువుల వ్యాపారానికి విజయవాడ గవర్నర్‌పేటలో ప్రధాన కార్యాలయం, పటమటలో ఒక శాఖ, గుంటూరు అరండల్‌పేటలో మరో శాఖ ఉన్నాయి. సాయంత్రాలు నెట్‌వర్కు కుంటుతోందంటే గవర్నర్‌పేటలో రెండు పోర్టుల మీద రెండు సర్వర్లు పెట్టాను. ఒక్కో ఐపెర్ఫ్3 సర్వరు ఒకసారికి ఒక్క పరీక్షనే తీసుకుంటుంది మరి. గుంటూరులో ఉన్న తమ్ముడికి ఫోను చేసి "ఇక మొదలుపెట్టు" అన్నాను. వాడు మొదలుపెట్టేసరికి పటమట కంటే 40 సెకన్లు ఆలస్యమైంది. గ్రాఫులో ఇద్దరి సున్నాలూ ఒకే చోట పెట్టేసరికి గుంటూరు వేగమే 40 సెకన్లు ముందుగా పడిపోయినట్టు కనిపించింది. దొరికాడు దొంగ అనుకుని గుంటూరు లైను ఇచ్చినవారితో వారం రోజులు వాదించాను. తీరా చూస్తే రెండూ ఒకేసారి పడుతున్నాయి. కారణం గవర్నర్‌పేటలోనే సాయంత్రం నడిచే బ్యాకప్. ఆ లైనువాళ్లకు నేను ఇంకా క్షమాపణ బాకీ.

ఐపెర్ఫ్3 ఫలితాన్ని జేసన్ (ప్రోగ్రాములు చదవగల పాఠ్య రూపం) రూపంలో తీసుకుంటే ప్రతి ఇంటర్వల్‌కూ (ఒక్కో కొలత తీసిన చిన్న వ్యవధికీ) ఉండే ఆరంభం, ముగింపు ఆ పరీక్ష మొదలైనప్పటి నుంచి లెక్కించినవి. అసలు సమయం పైన స్టార్ట్ విభాగంలో టైమ్‌సెక్స్ అనే పేరుతో ఉంటుంది: 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం. దాన్ని ప్రతి ఇంటర్వల్‌కూ కలపండి. అది పూర్తి సెకన్లలోనే ఉంటుంది కాబట్టి సెకను లోపు తేడా మిగులుతుంది. బ్యాకప్‌లాంటి వ్యవహారానికి ఇది చాలు. మిల్లీసెకన్ల తగాదా అయితే ప్యాకెట్ క్యాప్చర్ (వచ్చిపోయే ఒక్కో ప్యాకెట్‌నూ సమయంతో సహా నమోదు చేయడం) తీయక తప్పదు.

ఇక గడియారాలు. పెళ్లిలో ముహూర్తానికి పురోహితుడి వాచీయే ప్రమాణం, ఇక్కడ ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్కు ద్వారా గడియారాలను సరిదిద్దే పద్ధతి. అన్ని యంత్రాల్లో ఆ పని చేసే క్రోనీ ప్రోగ్రాము పెట్టి, పరీక్షకు ముందూ తరువాతా గడియారం ఎంత తప్పిందో చెప్పే 'క్రోనీసీ ట్రాకింగ్' ఆదేశం ఫలితాన్ని దాచుకోండి. గడియారం 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పినా రోజుకు 1.7 సెకన్లు జరుగుతుంది. గుంటూరులో నేను పెట్టింది రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు. అందులో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే చివరిసారి దాచుకున్న సమయంతో లేస్తుంది. ఒకరోజు సమయం సరిదిద్దుకోకముందే పరీక్ష మొదలై, గీత మొత్తం 11 నిమిషాలు వెనక్కి పోయింది. తేడా కచ్చితంగా 19,800 సెకన్లు వస్తే మాత్రం గడియారాన్ని తిట్టకండి. అది అయిదున్నర గంటలు, ఎక్కడో ఐఎస్‌టీని యూటీసీగా చదివారు.

సమయాలు సరిపోయినా నమూనాలు (ఒక్కో ఇంటర్వల్ కొలతలు) ఒకే గీటు మీద పడవు. ఒకదానివి సెకనులో .37 దగ్గర, మరొకదానివి .81 దగ్గర. దగ్గరి సెకనుకు సవరించేస్తే ఇంటర్వల్‌లు కాస్త అటూ ఇటూ అయినప్పుడు ఒక గడిలో రెండు నమూనాలు పడి పక్క గడి ఖాళీ కావచ్చు. అప్పుడు లేని శిఖరాలూ లేని గోతులూ పుడతాయి. వేగాన్ని పక్కన పెట్టి బైట్లను తీసుకోండి. కరెంటు మీటరులాగా మొదటి నుంచి కూడుకుంటూ వెళ్లి, ప్రతి ఇంటర్వల్ ముగింపు దగ్గర మొత్తం ఎంతో రాసుకోండి. అన్ని యంత్రాలకూ ఒకే సెకన్ల గీట్ల దగ్గర ఆ మీటరు ఎంత చూపేదో పైథాన్‌లోని నమ్‌పై లైబ్రరీ ఇంటర్ప్ ఫంక్షన్‌తో అంచనా వేసి, వరుస రీడింగుల తేడా తీయండి. బైట్లు ఎక్కడా పుట్టవు, పోవు. అందరూ నడుస్తున్న సమయానికే మొత్తం కూడండి. నమూనా లేని చోట సున్నా వేయకండి, గీతను తెంపేయండి.

పతనాలు కలిసేదాకా గీతలను చేత్తో జరపమని మీకు ఎవరో చెప్పారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరిది ముందు పడిందన్నదే మీకు కావలసింది, అలా జరిపితే ఆ జవాబును మీరే చెరిపేసినట్టు.

పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబుకు పట్టిన సమయం కొలిచే ఆదేశం) కూడా అదే బొమ్మలో గీస్తున్నారు కదా, లినక్స్‌లో దానికి 'మైనస్ క్యాపిటల్ డీ' ఇస్తే ప్రతి వరుసకూ సమయం వస్తుంది. అది జవాబు చేరిన సమయం. పంపిన క్షణం కావాలంటే అందులోంచి ఆర్‌టీటీని (వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని) తీసేయండి.